‘సేప’ అన్న పిల్లలు

హైదరాబాదు,
12 ఆగస్టు 2012

రాజీ,

నీకు ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఆవిడ నువ్వు అందుబాటులో లేవని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతోంది. సాలూరు దాటితే సిగ్నల్ ఉండదని మీ అన్నయ్య అన్నారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. విజయనగరంలో డి.ఎడ్. స్పెషల్ చదివిన రెండేళ్ళూ ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద ఉన్నాం. మన మధ్య ఉత్తరాల అవసరం ఎప్పుడూ పడలేదు.

నువ్వు చదువు అవగానే రిసోర్స్ టీచరుగా చేరిపోయావు. నేను మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడ్డాను. మాటకూ వినికిడికీ సంబంధించిన ఈ డిగ్రీ మూడేళ్ళ తరగతులు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు వస్తేనే సొంతంగా థెరపీ చేయడానికి వీలు. ఇప్పుడు మూడో ఏడు. మాకు థెరపీ నేర్పే మేడమ్ పర్యవేక్షణలో క్లినిక్‌లో కేసులు ఇస్తున్నారు.

మొదటి రోజు జరిగింది చెప్తాను, నవ్వుకో. నాలుగేళ్ళ పిల్లకు బొమ్మ చూపించి, “ఇదేటి, సెప్పమ్మా” అన్నాను. అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది. అటువైపు నుంచి మాత్రమే కనబడే అద్దం వెనక ఉండి చూస్తున్న మేడమ్ లోపలికి వచ్చారు. పిల్లను తల్లి దగ్గరికి పంపి, “దీవెనా, చ, స తేడా నీకే లేకపోతే పిల్లలకు ఏం దిద్దుతావు?” అన్నారు. ఆవిడ గొంతు పెంచరు. పెంచి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి చేప, చెట్టు, చిలక అని ఇరవైసార్లు అంటున్నాను. మొన్న నాన్న రాజాం నుంచి ఫోన్ చేస్తే “చెప్పండి నాన్నా” అన్నాను. ఆయన “ఏటే, జొరవొచ్చినాదా?” అని అడిగారు.

నీ సెంటరు ఎలా ఉంది? ఎంతమంది పిల్లలు? అన్నీ రాయి.

దీవెన


సాలూరు,
3 సెప్టెంబరు 2012

దీవెనా,

నీ ఉత్తరం సెంటరులో అందరికీ చదివి వినిపించాను, “చెప్పండి నాన్నా” అన్నచోటు తప్ప. అది నాకొక్కదానికే దాచుకున్నాను.

మా సెంటరు బడి వెనక ఒకటే గది. రోజూ వచ్చేది పద్నాలుగు మంది. నడవలేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, వినబడనివాళ్ళు, బుద్ధి ఎదగనివాళ్ళు. అందరికీ నేనొక్కదాన్నే. మనం చదివింది బుద్ధిమాంద్యం విభాగం. మిగిలినవి పుస్తకంలో చివరి రెండు పాఠాలు, వాటిమీద పరీక్షలో ప్రశ్న కూడా రాలేదు. పై నుంచి వచ్చే ఫారంలో మాత్రం అన్ని గడులూ నేనే నింపాలి. అందుకే దూరవిద్యలో బి.ఎడ్. స్పెషల్ కట్టాను. వేసవిలో కాంటాక్ట్ క్లాసులుంటాయి.

సోమవారం, గురువారం చుట్టుపక్కల బడులకు తిరుగుతాను. కిందటి నెలలో ‘మాట లోపం’ అనే గడి కొత్తగా పెట్టారు. నగరం నుంచి వచ్చిన ఒకాయన అరపూట కూర్చుని నలభై ఒక్క మంది పేర్లు అందులో రాయించాడు. “చూడు అనమంటే సూడు అంటున్నారు” అన్నాడు. మరి ఏమనాలి? నేనూ అలాగే అంటాను.

ఈ మధ్య నన్ను విసిగిస్తున్నది నీలవేణి అనే పిల్ల. ఎనిమిదేళ్ళు, రెండో తరగతి. తండ్రి సూరయ్య సాలూరులో లారీ నడుపుతాడు. పిలిస్తే పలుకుతుంది, బోర్డు మీద లెక్కలు ఎక్కించుకుంటుంది. డిక్టేషన్ మాత్రం సున్నా. ఒకటి అడిగితే ఒకటి చెబుతుంది. తనేమో ‘సూడు’ అని కూడా అనదు, ‘ఊడు’ అంటుంది. మా వైపు మాటే, ఇంకాస్త ముద్దగా. జగన్నాధం మాస్టారు, బడి హెడ్మాస్టరు, దాన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టేశారు. రిజిస్టరులో ‘నిదానంగా నేర్చుకునే పిల్ల’ అని రాశాను.

అద్దం ముందు చిలకను మరీ ఎక్కువసార్లు అనకు. ఎగిరిపోతుంది.

నీ రాజకుమారి


హైదరాబాదు,
18 నవంబరు 2012

రాజీ,

ఆలస్యానికి కారణం కేసు పరీక్ష. పాసయ్యాను. ఆ కేసు గురించే రాస్తున్నాను.

పిల్ల పేరు దాలమ్మ. నాయనమ్మ పేరు పెట్టారు, ఇంట్లో దాలి అంటారు. ఆరేళ్ళు. తల్లి అసిరమ్మ కొత్త భవనాల దగ్గర ఇటుకలు మోసే పని చేస్తుంది. బడిలో టీచరు ‘మాట స్పష్టంగా లేదు’ అని కాగితం రాసి పంపింది. బొమ్మల పరీక్షలో చేప, చెట్టు, చెప్పు అన్నింటికీ ‘స’ పలికింది. వినికిడి బాగుంది, నాలుక కదలిక బాగుంది. ‘చ స్థానంలో స, పది సెషన్ల థెరపీ’ అని మేడమ్ రాయించారు. నేను మొదలుపెట్టాను. ఏడో సెషనుకు ‘చేప’ అంది. పరీక్ష నాడు కూడా అంది. నాకు మంచి మార్కులు వచ్చాయి.

మధ్యలో ఒకరోజు అసిరమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది: “మేడంగారూ, మా ఇంటిల్లిపాదీ ఇలాగే మాటాడతాం. మా అందరికీ రోగవేనేటి?” మేడమ్ లోపల ఉన్నారు. “అలా ఏం లేదమ్మా, స్పష్టత కోసం” అన్నాను.

ఇంకొక సంగతి. నీలవేణి ‘ఊడు’ అంటుందని రాశావు. అది నాకు చదువుతున్నప్పుడు తట్టలేదు, నిన్న క్లాసులో వినికిడి పాఠం వింటుంటే తట్టింది. ‘స’ను ‘చ’గా అనడం, ‘చ’ను ‘స’గా అనడం వేరు. అసలు ఆ శబ్దమే లేకపోవడం వేరు. స, ష, చ లాంటివి సన్నటి, పై స్థాయి శబ్దాలు. కొందరి చెవికి కింది స్థాయివి బాగా అందుతాయి, పైవి అందవు. పిలిస్తే తిరుగుతారు, చప్పట్లకు తిరుగుతారు. కానీ మాటలో సగం అక్షరాలు వాళ్ళ దాకా చేరవు.

చిన్న పరీక్ష ఉంది. పిల్ల వెనక నిలబడు, లేదా నోటికి కాగితం అడ్డం పెట్టుకో. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. ఆరు శబ్దాలు, ఒక్కొక్కటీ విడిగా, వరస మార్చి. వినబడినప్పుడల్లా ఒక చింతపిక్క డబ్బాలో వేయమను. పది నిమిషాల పని. చేసి రాయి.

దీవెన


సాలూరు,
9 డిసెంబరు 2012

దీవెనకు,

ఉత్తరం అందింది. పరీక్ష పాసైనందుకు సంతోషం.

నీలవేణి వెనక నిలబడి నేను చప్పట్లు కొట్టాను, గంట కొట్టాను, గిన్నె మీద గరిటెతో కొట్టాను. ప్రతిసారీ తిరిగింది. నేను కూడా రెండేళ్ళు చదివే ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఆ పిల్లను ఏడాదిన్నరగా చూస్తున్నది నేను. నువ్వు చూసింది ఉత్తరంలో రెండు వాక్యాలు.

అక్కడ మీ మేడమ్ దాలికి లోపం ఉందంటే సరేనన్నావు. ఇక్కడ నీలవేణికి లోపం ఉందని నువ్వే అంటున్నావు. ఆ నగరం ఆయన నలభై ఒక్క మందికి ఉందన్నాడు. మా వైపు పుట్టడమే లోపమని ఒక గడి పెట్టేయండి, అందరి పేర్లూ రాసేస్తాను.

అసిరమ్మ ఏ ఊరిదో రాయలేదు. ఆవిడ మాట చదివితే మీ రాజాం పక్కనే ఎక్కడో అనిపించింది. నీకనిపించలేదా?

పని ఎక్కువగా ఉంది.

రాజకుమారి


హైదరాబాదు,
2 ఫిబ్రవరి 2013

రాజీ,

నువ్వు అడిగినదానికి రెండు నెలలు జవాబు రాయలేకపోయాను.

అసిరమ్మది రాజాం పక్కనే. మా చర్చి నుంచి నడిచిపోయే దూరం. మొదటి రోజే తెలిసింది. ఎనిమిదో సెషనులో దాలి తలదువ్వుతూ, “మీదేవూరు మేడంగారూ?” అని అడిగింది. “హైదరాబాదే” అన్నాను. నా నోట ఆ మాట ఎంత స్పష్టంగా వచ్చిందో నీకు చెప్పలేను. ఇరవైసార్లు అద్దం ముందు అన్నట్టే వచ్చింది.

తొమ్మిదో సెషనుకు వాళ్ళు ఆలస్యంగా వచ్చారు. దాలి ఇంట్లో మాట్లాడడం తగ్గించేసిందని అసిరమ్మ చెప్పింది. “నాను సెప్పినదాన్నల్లా తప్పంటన్నాది. ఆళ్ళ నాన్నయితే మాటాడ్డమే మానేసినాడు దాని కాడ” అంది. కోపంగా అనలేదు. పదో సెషనుకు రాలేదు. ఫైలులో ‘తల్లిదండ్రుల సహకారం లేదు’ అని రాసి మూసేశారు. కింద విద్యార్థి సంతకం నాది.

నీలవేణి గురించి ఇంకేమీ అనను. నువ్వు దగ్గర ఉన్నావు, నేను లేను.

దీవెన


సాలూరు,
14 జులై 2013

దీవెనా,

ఫిబ్రవరి నుంచి నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను.

మే నెలలో కాంటాక్ట్ క్లాసులకు వెళ్ళాను. వినికిడి గురించి చెప్పడానికి ఒక పెద్దాయన వచ్చారు. మూడో రోజు ఆయన బోర్డు మీద ఆరు అక్షరాలు రాశారు. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. చూడగానే నీ ఉత్తరం గుర్తొచ్చింది. చప్పట్లు కొట్టి, గంట కొట్టి వినికిడి బాగుందని రాసే టీచర్ల గురించి ఆయన ఒక పావుగంట మాట్లాడారు. మా క్లాసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బడులు తెరిచాక నీలవేణి కోసం వెళ్ళాను. రాలేదు. రెండు వారాలు చూసి ఇంటికి వెళ్ళాను. లక్ష్మణమ్మ, అంటే తల్లి, ఇల్లు అలుకుతోంది. పిల్ల పలాస వైపు మేనత్త ఇంట్లో ఉందట. జీడిపిక్కల బట్టీలో పప్పు వలుస్తోందట. ఏప్రిల్‌లోనే పంపేశారు.

నీకు రాయని సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మార్చిలో సూరయ్య బడికి వచ్చి నన్ను అడిగాడు, “దీనికి సదువొస్తాదా అమ్మా, రాదా?” అని. నీ ఉత్తరం మీద కోపం అప్పటికి నాలో ఇంకా ఉంది. జగన్నాధం మాస్టారు పక్కనే ఉన్నారు. “దీని బుర్రకు చదువు ఎక్కదు సూరయ్యా, ఏదైనా చేతిపని నేర్పించు” అన్నాను. నా మాట మీదే వాళ్ళు పంపారు. బట్టీలో పెడతారని నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల ఏమీ మారదు.

ఏ దసరా సెలవులకో కాదు, వెంటనే దాన్ని తీసుకురావాలి. పోయిన ఆదివారం నేనే పలాస వెళ్ళాను. మేనత్త ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, చింతపిక్కలు ఇచ్చి ఆరు శబ్దాలూ అన్నాను. ఆ, ఊ, ఈ, మ్ అన్నింటికీ వేసింది. ష్ అన్నాను, వేయలేదు. స్ అన్నాను, వేయలేదు. దగ్గరికి వంగి చెవి పక్కనే అన్నాను. మెడ మీద గాలి తగిలి వెనక్కి తిరిగి నవ్వింది. దాని వేళ్ళు జీడి రసానికి నల్లగా కాలిపోయి ఉన్నాయి.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? నువ్వు చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

రాజీ


హైదరాబాదు,
22 జులై 2013

రాజీ,

బాధపడడం తర్వాత. ముందు చెయ్యవలసినవి.

విశాఖపట్నంలో పూర్తి వినికిడి పరీక్ష చేయించు. బయటి చప్పుడు చొరబడని గదిలో, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి చేసేది. గంట, గిన్నె కాదు. ఏ కేంద్రంలో చేస్తారో, ఎవరిని అడగాలో వెనక కాగితం మీద రాశాను. ఆవిడ మా సీనియరు. నా పేరు చెప్పు.

పరీక్ష కాగితం వచ్చాకే వినికిడి యంత్రానికి దరఖాస్తు పెట్టు. ‘నిదానంగా నేర్చుకునే పిల్ల’ అన్న పాత కాగితం దానికి జత చేయకు. అది చూస్తే యంత్రం ఇవ్వరు.

సూరయ్యకు నువ్వే చెప్పు. ఇంకెవరి చేతా చెప్పించకు.

దీవెన


సాలూరు,
29 సెప్టెంబరు 2013

దీవెనా,

నీ ఉత్తరం అందేసరికి ఇక్కడ సమైక్యాంధ్ర సమ్మె మొదలైంది. బస్సులు లేవు. బడులు మూశారు. మా సెంటరు తాళం కూడా తీయలేదు. నెలన్నర పాటు నీ కాగితం పట్టుకుని కూర్చున్నాను.

చివరికి సాలూరులో లారీలు ఆగే చోటికి వెళ్ళాను. సూరయ్య చక్రాల కింద చెక్కలు పెడుతున్నాడు. లక్ష్మణమ్మ కారియర్ తెచ్చి పక్కనే కూర్చుంది. నిలబడే చెప్పాను. పిల్ల బుర్రలో ఏ లోపమూ లేదు, చెవిలో ఉంది, ఏడాదిన్నర నా ముందు కూర్చున్నా నేను కనుక్కోలేకపోయాను అని.

సూరయ్య లేచి చేతులు తుడుచుకున్నాడు. “సదువు రాదు, పనిలో ఎట్టమన్నది మీరే గదమ్మా. ఎట్టినాను. ఇప్పుడు సెవులంటన్నారు. రేపింకేటంటారు?”

“రేపు నేననేదేమీ లేదు. పరీక్ష చేసినవాళ్ళు ఏమంటే అదే. తప్పు నాది సూరయ్యా” అన్నాను.

అతను మళ్ళీ వంగి చక్రం కింద చెక్క సరిచేశాడు. లక్ష్మణమ్మ కారియర్ మూత పెట్టి అంది: “దాని బుర్ర మంచిదని నాను ముందే సెప్పినాను. మొకం సూసి మాటాడితే అన్నీ తెలుసుకుంటాది, ఎనక నుండి సెప్తే తెల్దని ఆ మాస్టారికీ సెప్పినాను, మీకూ సెప్పినాను. నా మాట ఎవులిన్నారు?”

ఆవిడ చెప్పింది నిజమే. కిందటేడు సెంటరు గుమ్మంలో నిలబడి చెప్పింది. నేను ఫారం నింపుతూ తల ఊపాను. ఏం చెప్పిందో అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

సూరయ్య ఆ వారమే ఇచ్ఛాపురం వైపు లోడు వేసుకుపోయి, తిరుగు ప్రయాణంలో పిల్లను లారీ ఎక్కించుకొచ్చాడు. మరో రెండు రోజులకు విశాఖపట్నం లోడు దొరికింది. తండ్రీ తల్లీ పిల్లా నేనూ ముందు సీట్లో సర్దుకున్నాం. గజపతినగరం దగ్గర రోడ్డు మీద టైర్లు తగలబెట్టి రెండు గంటలు ఆపేశారు. సూరయ్య దిగి, “సెవుల పరీచ్చకి ఎల్తన్నాం బాబూ, దీనికి ఏ రాస్ట్రవైనా ఒకటే” అన్నాడు. వాళ్ళు నవ్వి టైరు పక్కకు లాగారు.

పరీక్ష గదికి గాజు కిటికీ ఉంది. నీలవేణి లోపల, మేం బయట. శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నారు. మొదట టకటకా ఎత్తింది. తర్వాత నెమ్మదించింది. తర్వాత మానేసింది. మీ సీనియరు మీట నొక్కుతూనే ఉన్నారు, పిల్ల మా వైపు చూసి నవ్వుతోంది. పరీక్ష అయిపోయిందనుకుంది.

కాగితం మీద గీత మొదట్లో బాగానే ఉండి, సగం నుంచి మెట్లు దిగినట్టు కిందికి పోయింది. రెండు చెవులకూ అంతే. ఎప్పటి నుంచో, ఎందువల్లనో తెలియదన్నారు. యంత్రం పెడితే ఉపయోగం ఉంటుంది, కానీ ఇన్నేళ్ళ మాట వెనక్కి తేవడానికి చాలా కాలం పడుతుందన్నారు. లక్ష్మణమ్మ ఆ కాగితం మడత పెట్టకుండా, సాలూరు దాకా ఒళ్ళో పరిచి పట్టుకుంది.

ఆ పిల్ల ‘ఊడు’ అన్నప్పుడు మా వైపు మాట ఇంతేలే అనుకున్నాను. మీ మేడమ్ మా మాటను లోపం అనుకుంటే, నేను లోపాన్ని మా మాట అనుకున్నాను. ఎవరి తప్పు పెద్దదో లెక్క తేల్చే ఓపిక నాకు లేదు.

రాజీ


హైదరాబాదు,
15 డిసెంబరు 2013

రాజీ,

నీ ఉత్తరం చదివిన మరునాడు అసిరమ్మ పనిచేసిన భవనం దగ్గరికి వెళ్ళాను. భవనం పూర్తయి, కిటికీలకు తెరలు కూడా వేలాడుతున్నాయి. కాపలా మనిషిని అడిగితే ఆ శ్రీకాకుళం వాళ్ళంతా వేసవికి ముందే వెళ్ళిపోయారన్నాడు. ఎక్కడికో తెలియదు. ఫైలులో ఉన్న ఫోన్ నంబరు మేస్త్రీది, అది పనిచేయడం లేదు. ఇంటికి ఫోన్ చేసి నాన్నను కూడా అడిగాను. ఆ ఊరు వెళ్ళి వాకబు చేసి, వాళ్ళ ఇంటికి తాళం ఉందని చెప్పారు. ఇంకా వెతుకుతాను గానీ దొరుకుతారని అనుకోవడం లేదు.

ఇంటర్న్‌షిప్‌లో నెలకొకసారి కేసుల మీద చర్చ ఉంటుంది. మొన్న నా వంతు. మూసేసిన దాలి ఫైలు పట్టుకుని లేచాను. ఎదురుగా మేడమ్, ముప్పై మంది విద్యార్థులు. రాసుకున్న కాగితం పక్కన పెట్టేశాను.

“మేడమ్, ఈ కేసు నేనే సేసినాను. ఈ పిల్లకి లోపం లేదు. ఆళ్ళమ్మ, ఆళ్ళ నాన్న, మా నాన్న, నాను, మేవందరం ఇలాగే మాటాడతాం. తొమ్మిది సెషన్లు సేసి ఆ పిల్ల సేత ఇంట్లో మాటాడ్డం మానిపించినాను” అన్నాను.

వెనక వరసలో ఎవరో నవ్వారు. మేడమ్ తల తిప్పి చూశారు, నవ్వు ఆగింది. ఆవిడ చాలాసేపు ఫైలు తిరగేశారు. తర్వాత, “ఇది మీ ప్రాంతపు పలుకుబడి అని ఎంతమంది పిల్లల్ని, ఎంతమంది పెద్దల్ని పరీక్షించి అంటున్నావు?” అని అడిగారు.

“ఎవరినీ పరీక్షించలేదు” అన్నాను.

“అయితే ఇప్పుడు నీకు తెలిసింది, నాకు తెలియదు. తెలిసినట్టు చూపించే కాగితం లేదు. అది తెచ్చిపెట్టు. ఈ పరీక్ష బొమ్మలు కోస్తా మధ్య జిల్లాల పిల్లల మాట మీద తయారుచేశారు. నేనూ ఆ వైపు దాన్నే. నాకు అందులో తప్పు కనబడకపోవడానికి కారణం అదేనేమో” అన్నారు. ‘తల్లిదండ్రుల సహకారం లేదు’ అన్న వాక్యాన్ని ఆవిడే కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. నేను ఇక్కడ చదువుతున్న ఈ నాలుగేళ్ళలో ఆవిడ తన చేత్తో ఒక మాట కొట్టేయడం చూడలేదు.

కాబట్టి నీ సాయం కావాలి. నగరం ఆయన రాయించిన నలభై ఒక్క మంది పిల్లలూ నీ దగ్గరున్నారు కదా. ఒక్కొక్కరి మాట, వాళ్ళ తల్లి మాట రికార్డు చేసి పంపగలవా? అవే బొమ్మలు, ఇద్దరికీ. బొమ్మల పుస్తకం, చిన్న రికార్డరు పార్సిలులో పంపుతున్నాను.

దీవెన


సాలూరు,
30 మార్చి 2014

దీవెనా,

రికార్డింగులు వేరే కవరులో ఉన్నాయి. మూడు నెలలు పట్టింది. పసుపు కొమ్ములు తవ్వే కాలం, తల్లులు దొరకడం కష్టమైంది. చాలామంది రికార్డరు చూసి సిగ్గుపడ్డారు. ఒకామె చేప బొమ్మ చూసి, “ఇదేటి సేపమ్మా, మావెక్కడా సూడనేదు ఇలాటి సేప” అని దాని జాతి గురించి పావుగంట మాట్లాడింది. అదంతా తీసెయ్యకుండా ఉంచాను, మీ మేడమ్ వింటారని.

నాకు వినబడినంతవరకు ముప్పై ఎనిమిది మంది పిల్లలు అచ్చం తల్లుల్లాగే అంటున్నారు. ముగ్గురు మాత్రం తల్లి అన్నట్టు అనడం లేదు. వాళ్ళ పేర్ల పక్కన చుక్క పెట్టాను. ఈసారి నేను ఏమీ రాయలేదు. లోపమనీ రాయలేదు, లేదనీ రాయలేదు.

నీలవేణి గురించి. ఫిబ్రవరిలో యంత్రాలు వచ్చాయి. మొదటి రోజు పెట్టగానే ఏడ్చి పీకేసింది. రెండో రోజూ అంతే. లక్ష్మణమ్మ పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పెట్టి, పక్కనే కూర్చుని ఏదో ఒక పని చేసుకునేది. ఒకరోజు సెంటరుకు వచ్చి చెప్పింది. తను బియ్యం చెరుగుతుంటే పిల్ల లేచి వచ్చి చేట పట్టుకుని ఆపేసిందట. మళ్ళీ ఊపమందట. ఊపితే మళ్ళీ ఆపిందట. తొమ్మిదేళ్ళుగా తల్లి చెరుగుతుంటే చూసింది గానీ దానికి చప్పుడు ఉంటుందని తెలియదు. ఆ సాయంత్రం ఇంట్లో చీపురు, తాలింపు, చెప్పులు, తాటాకు అన్నింటినీ పరీక్ష పెట్టిందట. “దీనికి సప్పుడున్నాదా, దీనికి సప్పుడున్నాదా అని నన్ను కూసోనీలేదమ్మా” అంది లక్ష్మణమ్మ.

బడిలో మళ్ళీ రెండో తరగతే. వయసుకు చిన్న తరగతి అని మిగతా పిల్లలు ఏడిపిస్తారు. జగన్నాధం మాస్టారు ముందు బెంచీలోకి మార్చారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదని ఆయనకు నాలుగుసార్లు గుర్తు చేశాను, నాలుగుసార్లూ మరిచిపోయారు. ఐదోసారి నీలవేణే వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుందట. ఇప్పుడు గుర్తుంటోంది.

‘స’ ఇంకా సరిగా పలకడం లేదు. నోట్లోంచి గాలి వస్తుంది, అక్షరం రాదు. ఏం చేయించాలో నాకు తెలియదు. నేను బి.ఎడ్. రాసేసినా ఇది నేను చేయగలిగింది కాదు. అది తెలిసినవాళ్ళు మా రెండు జిల్లాల బడుల్లో ఒక్కరూ లేరు. పోస్టే లేదు. నీ ఇంటర్న్‌షిప్ అయ్యాక ఏం చేస్తున్నావని అడగడం లేదు. చుక్క పెట్టిన ముగ్గురి గురించి మాత్రం చెప్పు.

సూరయ్య నన్ను చూస్తే ఇంకా పలకడు. లారీ ఆపి ఎక్కించుకుంటాడు గానీ పలకడు. అది న్యాయమే.

రాజీ


హైదరాబాదు,
4 జూన్ 2014

రాజీ,

రికార్డింగులు మేడమ్, నేను కలిసి విన్నాం. నీ లెక్క సరిపోయింది. చేప జాతి గురించి మాట్లాడినావిడను మేడమ్ రెండుసార్లు విన్నారు. ఈ ఏడాది నుంచి మా క్లినిక్‌లో పిల్ల పరీక్షకు ముందు ‘ఏ ప్రాంతం, ఇంట్లో ఎలా మాట్లాడతారు’ అనే గడి పెట్టారు. గడులంటే నీకు కోపమని తెలుసు. ఈ ఒక్కదాన్నీ క్షమించు.

నాకు రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు. నువ్వన్నట్టు బడుల్లో నా చదువుకు పోస్టు లేదు. కనుక్కున్నాను. పాత డి.ఎడ్. మీద రిసోర్స్ టీచరుగా మాత్రం తీసుకుంటారట, ఈ నాలుగేళ్ళ చదువు వాళ్ళ కాగితాల్లో ఎక్కడా పట్టదట. వారం రోజులు ఆలోచించాను. విజయనగరంలో ఒక పిల్లల డాక్టరు వారానికి నాలుగు రోజులు కూర్చోమన్నారు. ఒప్పుకున్నాను. మిగిలిన రోజుల్లో మీ సెంటరుకు రావడానికి మండల విద్యాశాఖలో అనుమతి అడుగుతూ దరఖాస్తు పంపాను. ఇవ్వకపోతే బడి బయట చెట్టు కింద కూర్చుంటాను. నీలవేణి ‘స’కు ఏడాది పైనే పడుతుంది, అంతకంటే తొందరగా అవుతుందని వాళ్ళమ్మకు చెప్పకు.

పద్నాలుగో తేదీ శనివారం పొద్దున సాలూరులో దిగుతాను. చుక్క పెట్టిన ముగ్గురినీ రమ్మను. తల్లుల్ని కూడా తప్పకుండా రమ్మను. ముందు తల్లులతో మాట్లాడతాను. బొమ్మలు ఆ తర్వాత తీస్తాను.

దీవెన